మల్కిభరాముడు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నమను పట్టణము కలదు. ఊరి చెంతనే విశాలమైన చెరువొకటి ఉన్నది. వానలు సమృద్ధిగా కురిసిన యేట దాని కట్టపై నిలిచి చూచినచో ఆవలి యొడ్డు సన్నని గీతవలె తోచును. ఆ ఊరి పేరునకు కారణమైనవాడు, ఆ చెరువు ఎవని పాలనలో నిర్మింపబడెనో ఆ రాజు, గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా. మలిక్ ఇబ్రహీం అను ఆతని పేరును తెలుగు కవులు తమ భాషకు ఒదుగునట్లు మార్చి మల్కిభరాముడని పిలిచిరి. రాముని పేరు కలిసిన ఆ పిలుపు ఆతనికి నచ్చినదనియే తోచుచున్నది. దానిని ఆతడు కాదనలేదు.

చెరువులు త్రవ్వించినవాడనియు, కవులను ఆదరించినవాడనియు ఈ రాజునకు పేరు. కాని ఆతని జీవితమున అన్నింటికంటె బరువైన దినము వేరొకటి కలదు. అది 1565వ సంవత్సరము జనవరి 23. ఆ దినమున ఆతడు కృష్ణానదికి దక్షిణమున, ఒకప్పుడు తనకు ఏడేండ్లు అన్నము పెట్టి కాపాడిన వానికి ఎదురుగా సేన నడిపి నిలిచెను. కొన్ని గంటలలో ముగిసిన ఆ యుద్ధము దక్షిణాపథపు చరిత్రను మార్చివేసినది. ఆతడు అచ్చటికి ఎట్లు వచ్చెనో తెలిసికొనవలెనన్న, కథను ఇరువది రెండేండ్లు వెనుకకు త్రిప్పవలెను.

ఇబ్రహీం తండ్రి సుల్తాన్ కులీ. పారసీక దేశమునుండి వచ్చి, బహమనీ రాజుల కొలువున చేరి, తెలంగాణమునకు అధికారియై, గోల్కొండ రాజ్యమును స్థాపించిన ధీరుడు. వృద్ధాప్యమున, 1543వ సంవత్సరమున, ప్రార్థన చేయుచుండగా ఆతడు హత్య గావింపబడెను. ఆ హత్య వెనుక ఉన్నది ఆతని కుమారుడైన జంషీదు. జంషీదు అంతటితో ఆగలేదు. తన యన్నయగు కుతుబుద్దీను కన్నులు పొడిపించి సింహాసన మెక్కెను. తమ్ములలో చిన్నవాడైన ఇబ్రహీం ఆ సమయమున దేవరకొండ దుర్గమున నుండెను. తండ్రికిని, పెద్దయన్నకును పట్టిన గతి విన్న తోడనే, తనకును అదే జరుగునని గ్రహించి, కొలదిమంది అనుచరులతో కోట విడిచి బీదరు చేరెను. బీదరు సుల్తాను ఆశ్రయ మిచ్చినట్లే ఇచ్చి, ఆతని వెంట వచ్చిన ఏనుగులపైనను ధనముపైనను కన్ను వేసెనట. ఆ చోటును నమ్మదగినది కాదని తలచి ఇబ్రహీం దక్షిణమునకు తిరిగి విజయనగరము ప్రవేశించెను.

అప్పుడు విజయనగర సింహాసనముపై సదాశివరాయలు కూర్చుండియుండెను. పేరునకే ఆతడు రాజు. రాజ్యభారమంతయు శ్రీకృష్ణదేవరాయల అల్లుడైన అళియ రామరాయల చేతిలో నుండెను. రామరాయలు పరదేశపు రాకుమారుని ఆదరముతో చేరదీసి, జాగీరు నిచ్చి, కొలువున పెద్దచోటు కల్పించెను. ఇందు కరుణతోపాటు రాజనీతియు కలదని చెప్పక తప్పదు. పొరుగురాజ్యపు సింహాసనమునకు హక్కుదారుడొకడు తన యింట నుండుట ఏ రాజునకు మాత్రము లాభము కాదు?

ఆ జాగీరు వలననే ఇబ్రహీం ప్రాణము మీదికి వచ్చెను. అది అంతకు ముందు అంబర్‌ఖాను అను హబ్షీ సేనాని అనుభవించుచుండినది. తన భూమి మరియొకనికి పోయెనన్న కోపముతో అంబర్‌ఖాను నగరవీథిలో ఇబ్రహీమును అడ్డగించి ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. భూములు ఇచ్చుటయు తీసికొనుటయు ప్రభువుల ఇష్టమనియు, దానికి తమలో తాము పోరాడుట తగదనియు ఇబ్రహీం నచ్చజెప్పజూచెను. అవతలివాడు దానిని పిరికితనముగా నెంచి పరిహసించెను. అంతట ఇబ్రహీం గుఱ్ఱము దిగి కత్తి దూసి ఆ సేనానిని కూల్చెను. ఈ సంగతిని తరువాతి కాలమున బిజాపూరున నుండి చరిత్ర వ్రాసిన ఫెరిష్తా తెలిపియున్నాడు.

ఇట్లు ఏడేండ్లు గడచెను. యువకుడైన ఇబ్రహీం విజయనగరమున కన్నులు తెరచుకొని తిరిగెను. తుంగభద్రనుండి కాలువలు తీసి రాతినేలను పండించిన విధమును చూచెను. తెలుగు కవులకు ఆ కొలువున దొరకు గౌరవమును చూచెను. తెలుగు విని, దాని రుచి నెరిగెను. సేనల కూర్పును, ఆ మహాసామ్రాజ్యపు బలమును దగ్గరనుండి కనుగొనెను. దాని బలహీనతలును ఆతని చూపునకు తప్పియుండవు. ఈ విద్యయంతయు ఆతనికి తరువాత అక్కరకు వచ్చినది; కొంత ప్రజల మేలునకు, కొంత విద్య గరపిన వారి కీడునకు.

1550వ సంవత్సరమున జంషీదు మరణించెను. పసివాడైన ఆతని కుమారుడు సుబ్హానును గద్దెపై నుంచి పెద్దలు అధికారము కొఱకు కలహింపసాగిరి. విసిగిన సరదారులు కొందఱు ఇబ్రహీమునకు కబురు పంపిరి. రామరాయలు దీవించి పంపగా ఆతడు కృష్ణ దాటి కోవెలకొండ చేరెను. అచ్చటి దుర్గములను కాయుచుండిన తెలుగు నాయకవాడీలు ఆతనినే తమ ప్రభువుగా నంగీకరించి ప్రమాణము చేసిరి. ఆ సంగతి కోవెలకొండలో తెలుగు శాసనముగా శిలపై నెక్కినది. నాయకవాడీల పెద్దయైన జగదేవరావును ఆతని పక్షమునకే వచ్చెను. రక్తపాతము పెద్దగా లేకుండగనే ఇబ్రహీం గోల్కొండ సింహాసనము నధిష్ఠించెను.

ఆ కాలమున దక్కనులో ఐదు సుల్తానుల రాజ్యములుండెను: అహమ్మదునగరము, బిజాపూరు, గోల్కొండ, బీదరు, బేరారు. ఒకరికొకరు సరిపడని పొరుగువారు. రామరాయల నేర్పంతయు ఈ వైరములతో ఆటలాడుటలోనే యుండెను. నేడు బిజాపూరు పక్షము వహించి అహమ్మదునగరముపై దండెత్తును. రేపు మరియొకరిని చేరదీయును. ఎవరు పిలిచినను వెళ్లి, ప్రతి కలహమునుండియు ఒక కోటనో ఒక సీమనో సంపాదించుకొని వచ్చును. ఇబ్రహీం మొదట ఆతని మాట జవదాటలేదు. ఒకప్పుడు అహమ్మదునగరపు హుసేన్ నిజాంషాతో కలిసి గుల్బర్గాను ముట్టడించియుండి, రామరాయల లేఖ అందగానే ముట్టడి విడిచి తిరిగివచ్చెను. 1558లో రామరాయలును బిజాపూరు అలీ ఆదిల్‌షాయును అహమ్మదునగరముపై దాడి వెడలినప్పుడు, ఇష్టమున్నను లేకున్నను ఆతడును వారి వెంట నడచెను.

కాని ఉపకారమునకు బదులు తీర్చుట ఎంతవరకు? రాజ్యమును తాకట్టు పెట్టు వరకా? ఈ ప్రశ్న ఇబ్రహీమును బాధించియుండవలెను. జగదేవరావు ఆతనిపై తిరుగబడి చివరకు విజయనగరము చేరగా రామరాయలు వానిని ఆదరించెను. ఇబ్రహీం హుసేన్ నిజాంషా కూతురును వివాహమాడి అహమ్మదునగరముతో చుట్టరికము కలుపుకొనెను. దానికి కినిసి రామరాయలు గోల్కొండ సీమపైకి సేనలను పంపెను. పల్లెలు పాడయ్యెను. సంధి కుదుర్చుకొనుటకై ఇబ్రహీం కోవెలకొండ, పానుగల్లు, ఘనపురము కోటలను వదలుకొనవలసి వచ్చెను. ఏ కోవెలకొండలో తనకు ప్రభుత్వము దక్కెనో ఆ కోవెలకొండయే చేజారెను. పాత స్నేహము అచ్చటితో తెగిపోయినదనవచ్చును.

తరువాతి పని కత్తితో కాదు, పెండ్లిండ్లతో ప్రారంభమైనది. అహమ్మదునగరమునకును బిజాపూరునకును మధ్య షోలాపూరు కోట కొఱకు తరతరముల పగ కలదు. ఆ రెండును కలియనంత వరకు రామరాయల నెదిరించుట కల్ల. మధ్యవర్తిగా నిలిచినవాడు ఇబ్రహీం. ఆతని నేర్పరియైన మంత్రి ముస్తఫాఖాను రెండు నగరముల నడుమ రాయబారము నడిపెను. హుసేన్ నిజాంషా కూతురు చాంద్‌బీబీని అలీ ఆదిల్‌షాకిచ్చి, షోలాపూరును అరణముగా నిచ్చిరి. అలీ చెల్లెలిని హుసేను కుమారునికిచ్చిరి. ఈ చాంద్‌బీబీయే ముప్పదియేండ్ల తరువాత మొగలుల సేనలనుండి అహమ్మదునగరపు కోటను కాపాడి వీరనారియని పేరొందినది. ఆమె వివాహమే విజయనగరమునకు ముప్పు తెచ్చునని నాటి పెండ్లివారిలో ఎందఱెఱుగుదురో! బీదరు సుల్తాను అలీ బరీదును ఈ కూటమిలో చేరెను. బేరారు మాత్రము దూరముగా నుండెను.

1564 డిసెంబరులో నలుగురు సుల్తానుల సేనలు కూడి తళ్లికోట చేరెను. ఊరు కృష్ణకు ఉత్తరమున నున్నది. యుద్ధము జరిగినది నదికి దక్షిణమున. అయినను తళ్లికోట యుద్ధమను పేరే స్థిరపడినది. రక్కసగి, తంగడగి అను రెండు పల్లెల పేర్లు కలిసి రాక్షసి తంగడి యుద్ధమనియు దానిని పిలుతురు.

శత్రువులు కూడుచున్నారన్న వార్తకు రామరాయలు చలింపలేదు. డెబ్బదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు ఈ సుల్తానులను వేర్వేరుగా అనేక పర్యాయములు చూచినవాడు. కలిసిన సుల్తానులను ఆతడు చూచియుండలేదు. తమ్ములైన తిరుమలరాయలను, వేంకటాద్రిని ముందుగా పంపి నది రేవులను కట్టడి చేయించెను. సేనలు దాటుటకు అనువైన రేవు ఆ ప్రాంతమున ఒకటే. దాని యెదుట దక్షిణపు గట్టున మట్టి దిబ్బలు వేసి ఫిరంగుల నమర్చిరి. అచ్చట దాటబూనినచో సుల్తానుల సేన నీటిలోనే నాశనమై యుండెడిది.

ఇచ్చటనే కూటమి సేనానుల యుక్తి బయటపడినది. తాము మరియొక రేవు వెదకుచున్నామని శత్రువు నమ్మునట్లు, వారు గట్టు వెంట కొన్ని దినములు దండు నడపిరి. అవతలి గట్టున విజయనగరపు సేనయు వారికి సరిగా నడచెను. అసలు రేవు కాపు లేక మిగిలెను. అంతట ఒక రాత్రి కూటమి సేన గిరుక్కున వెనుదిరిగి, త్వరితగతిని పాత రేవు చేరి, ఎదిరించువారు లేకుండ నది దాటెను. ఇంతకాలము కంచుకోటవలె కాచిన కృష్ణానది ఆ ఒక్క రాత్రితో విజయనగరమునకు అడ్డుగోడ కాకపోయెను. కాపు విడువరాని చోట కొంత సేన నుంచి, మిగిలిన సేనతోనే శత్రువును వెన్నాడవలెనను సామాన్యమైన జాగ్రత్తను అచ్చటి సేనానులు మఱచిరి.

యుద్ధదినమున కూటమి సేనకు నడుమ హుసేన్ నిజాంషా, కుడివైపున అలీ ఆదిల్‌షా, ఎడమవైపున మన ఇబ్రహీం కుతుబ్‌షాయు బీదరు సుల్తానును నిలిచిరి. విజయనగరపు సేన వారికంటె చాల పెద్దది. ఎంత పెద్దదను విషయమున నాటివారు చెప్పిన లెక్కలు ఒకదానితో నొకటి పొసగవు, లక్షలు దాటిపోవును; వానిని అట్లే నమ్ముట కష్టము. నడుమ రామరాయలు పల్లకి నెక్కి నిలిచెను. గుఱ్ఱము నెక్కుమని దగ్గఱివారు ఎంత బ్రతిమాలినను వినలేదు. ఇది బాలుర ఆటవంటి యుద్ధమనియు, శత్రువు త్వరలోనే పారిపోవుననియు ఆతని నమ్మకము.

మొదట ఆ నమ్మకము నిజమగునట్లే తోచినది. విజయనగరపు వీరులు రెండు ప్రక్కలను విరుచుకొని పడిరి. అలీ ఆదిల్‌షా సేనయు, ఇబ్రహీం సేనయు వెనుకకు తగ్గెను. ఓటమి తప్పదని ఆ యిద్దఱు సుల్తానులును అనుకొనిరట. కూటమిని కూర్చిన ఇబ్రహీమే ఆ క్షణమున తడబడెనన్నమాట. నిలిచినవాడు హుసేన్ నిజాంషా ఒక్కడే. ఆతని ధైర్యమునకు ఆధారము ఆతని ఫిరంగులు.

ఆ ఫిరంగుల యమరిక చెప్పుకొనదగినది. చలబీ రూమీఖాన్ అను తురుష్క సేనాని వానికి అధికారి. పెద్ద ఫిరంగులు ఒక వరుస, మధ్యమములు మరియొక వరుస, చిన్నవి మూడవ వరుసగా నిలిపి, శత్రువుల ఆశ్వికులు నడుమ దూరకుండ గొలుసులతో ఒకదాని నొకటి బంధించెను. మొత్తము ఆఱు వందల ఫిరంగులని ఫెరిష్తా చెప్పుచున్నాడు. వాని ముందు రెండువేల విలుకాండ్రను నిలిపి, ఫిరంగులు కనబడకుండ మఱుగుపఱచిరి. విజయనగరపు సేన దగ్గఱకు వచ్చు వరకు విలుకాండ్రు బాణములు కురియుచు, పిమ్మట ప్రక్కలకు తొలగిరి. ఒక్కసారిగా ఫిరంగులు మ్రోగెను. సేన మరల కూడుకొని రెండవమాఱు వచ్చునప్పటికి, ఆ ఫిరంగులలో గుండ్లకు బదులు రాగి నాణెముల సంచులు దట్టించి కాల్చిరి. ఆ నాణెములు చెదరి తగులగా దగ్గఱగా గుమిగూడిన మనుష్యులును గుఱ్ఱములును వందల కొలదిగా కూలినవి. రామరాయల కడను ఫిరంగులు లేకపోలేదు. కాని వానిని త్వరగా నింపి, గుఱిచూచి, వరుస తప్పక కాల్చు శిక్షణ అవతలివారి కెక్కువ. జనబలముచేత యుద్ధము గెలుచు కాలము దక్షిణాపథమున ఆనాటితో ముగిసినదని చెప్పుట పొరపాటు కాదు.

రామరాయలు తన వారికి ఉత్సాహము కలిగింపనెంచి, పల్లకి దిగి, మేలుకట్టు క్రింద ఆసనముపై కూర్చుండి, నాణెములును రత్నములును రాసులుగా పోయించి, పరాక్రమించినవారికి బహుమతులు పంచసాగెను. దానితో సేన మరల విజృంభించినది కూడ. కాని ఫిరంగుల దెబ్బకు పంక్తులు చెదరుచుండగా నిజాంషా ఏనుగు ఒకటి ఆ వైపునకు పరుగెత్తుకొని వచ్చెను. మరల పల్లకి నెక్కిన రాయలను బోయీలు భయముతో నేలపై విడిచి పారిపోయిరి. గుఱ్ఱము తెచ్చులోపల శత్రువులు ఆతనిని పట్టుకొని హుసేన్ నిజాంషా యొద్దకు కొనిపోయిరి. ఆ సుల్తాను ఆలస్యము చేయక ఆతని శిరస్సును ఖండింపజేసి, బల్లెమునకు గ్రుచ్చి ఎత్తి చూపించెను. అలీ ఆదిల్‌షా వచ్చునంతవరకు ఆగినచో రాయలను బ్రతికింపుమని ఆతడు అడుగునేమోయని హుసేను తొందరపడెనని కొందఱందురు. ఇబ్రహీం ఆ దృశ్యమును చూచెనో లేదో, చూచి ఏమనుకొనెనో చరిత్రకారులెవ్వరును వ్రాయలేదు.

శిరస్సు కనబడినంతనే అంత సేనయు చెదరిపోయెను. యుద్ధమునకు ఒక్కడే కేంద్రమైనచో ఆ యొక్కడు పడగానే అంతయు పడును. ఆతని తరువాత ఆజ్ఞ లిచ్చువాడెవ్వడను ఏర్పాటు అచ్చట లేకపోయెను. రామరాయల కొలువులోని ఇద్దఱు మహమ్మదీయ సేనానులు యుద్ధమధ్యమున పక్షము మార్చిరని, తరువాత రెండేండ్లకు విజయనగరమునకు వచ్చిన ఇటలీ వర్తకుడు సీజరు ఫ్రెడరిక్ వ్రాసెను. ఫెరిష్తా ఆ మాట ఎత్తలేదు. ఏది ఎట్లున్నను నిజమైన వినాశము యుద్ధభూమిలో కాదు, ఆ పిమ్మట జరిగినది. వరుస ప్రాకారములును, కొండలును, నదియు కాపుగానున్న రాజధానిని రక్షించుటకు ఎవరును నిలువలేదు. తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని, ధనరాసులను ఏనుగులపై కెక్కించుకొని పెనుగొండకు తరలిపోయెను. విడువబడిన నగరమును విజేతలు కొన్ని మాసములు దోచిరి, కాల్చిరి, పడగొట్టిరి. ఇబ్రహీం యువకుడై తిరిగిన వీథులే అవి. ఆతని సేనకును ఆ దోపిడిలో పాలు కలదు.

గెలిచినవారి స్నేహము నిలిచినదా యన్న, అదియు లేదు. రాయచూరు, ముద్గల్లు బిజాపూరునకు చిక్కినవి. ఇబ్రహీమునకు తాను పోగొట్టుకొన్న కోటలు తిరిగివచ్చినవి. ఆ సంవత్సరముననే హుసేన్ నిజాంషా చనిపోయెను. భయపెట్టు పెద్ద శత్రువు లేకపోగా సుల్తానులు మరల ఎప్పటివలె తమలో తాము పోరాడుకొనసాగిరి.

ఇబ్రహీం దృష్టి ఇక తూర్పునకు మరలినది. ఆతని సేనాని రిఫత్‌ఖాను 1572 నాటికి రాజమహేంద్రవరమును వశపఱచుకొనెను. రాజ్యకాలపు తుది దినములలో వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు గోల్కొండ వశమయ్యెను. తెలుగు దేశమున పెద్దభాగము ఒక్క రాజు క్రిందికి వచ్చినది. ఈ దండయాత్రలలోనే 1579లో ఆతని సేనాని మురారిరావు అహోబిల క్షేత్రమును కొల్లగొట్టెను. కవులను మన్నించిన రాజు పేరిటనే ఇదియు జరిగినది. ఒకటి చెప్పి ఒకటి దాచుట న్యాయము కాదు.

ఆతడు కవులను మన్నించిన మాటయు నిజమే. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఈ రాజునకే అంకిత మిచ్చెను. కందుకూరి రుద్రకవి ఆతని ఆదరమును పొందెను. ఆతని సరదారుడైన పటాన్‌చెరువు అమీన్‌ఖాను పొన్నగంటి తెలగనార్యునిచే యయాతి చరిత్రమును అచ్చతెలుగున వ్రాయించి అంకితము పొందెను. సుల్తానుల కొలువునుండి అచ్చతెలుగు కావ్యము వెలువడుట, విజయనగరమున గడపిన ఏడేండ్ల ఫలమే కాదా?

గోల్కొండ కోటకు రాతితోను సున్నముతోను దృఢమైన ప్రాకారములు కట్టించినదియు ఈతడే. ఆతని కాలముననే, 1562 ప్రాంతమున, ఆతని అల్లుడు హుసేన్‌షా వలీ పర్యవేక్షణమున హుసేన్‌సాగరము వెలసినది. 1578లో మూసీనదిపై ఇరువది రెండు కమానుల వంతెన పూర్తియైనది. నేడు దానినే పురానాపూల్ అందురు. కుమారుడు మహమ్మదు కులీ తన ప్రియురాలిని చూచుటకు వరదలో నది దాటెనని విని తండ్రి ఆ వంతెన కట్టించెనని కథ కలదు. ఆనాటికి ఆ కుమారుడు పండ్రెండు పదుమూడేండ్ల బాలుడు. గోల్కొండనుండి దక్షిణమునకు పోవు బండ్లకును, సేనకును దారి కావలసియుండెను. అసలు కారణము అదియే యనుకొనుట మేలు. దారులను దొంగలనుండి కాపాడుటలో ఈ రాజు మిక్కిలి కఠినుడు. ఆతని రాజ్యమున బంగారము మోసికొనిపోవు ముసలమ్మయు రాత్రివేళ నిర్భయముగా ప్రయాణము చేయగలిగెడిదని నాటివారు చెప్పుకొనిరి.

1580వ సంవత్సరమున, ముప్పదియేండ్లు రాజ్యమేలి, ఇబ్రహీం మరణించెను. మహమ్మదు కులీ గద్దె నెక్కి, 1591లో ఆ వంతెనకు ఆవలి గట్టున హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. ఇబ్రహీం గోల్కొండ కోట చెంత, తండ్రి సమాధికి సమీపమున, గుమ్మటము క్రింద నిద్రించుచున్నాడు. ఆ గుమ్మటమునకు ఒకప్పుడు పొదిగిన రంగుపలకలు ఇంచుమించు రాలిపోయినవి. ఇబ్రహీంపట్నము చెరువు మాత్రము వానలు కలిసివచ్చిన యేట నేటికిని నిండుచున్నది.